ఉత్తగనే

కాగితాన్ని సన్నటి పట్టీలుగా కోసి, ఒక పుల్లకు చుట్టి, చుట్టను కొంచెం వదులు చేసి, వేళ్లతో నొక్కి ఆకారం తెప్పించి, అట్ట మీద అంచు నిలబెట్టి అతికించడాన్ని క్విల్లింగ్ అంటారు. పువ్వులు, నెమళ్లు, జుంకాలు, గోడకు తగిలించే వినాయకులు, ఏవైనా చేయొచ్చు. జుంకాలు పక్కన పెడితే వీటిలో దేనితోనూ ఎవరికీ పని లేదు. ఏడాదిన్నరగా నేను దీన్ని నేర్చుకుంటున్నాను. నిజామాబాదులో మా ఇంటికి వచ్చినవాళ్లు బల్ల మీద పరిచిన రంగు కాగితాలు చూసి రెండు ప్రశ్నలు అడుగుతారు. "వీటిని ఏం చేస్తారు?" అన్నది మొదటిది. "అమ్ముతారా?" అన్నది రెండోది. ఈ రెండింటికీ నవ్వుతూ ఏదో ఒకటి చెప్పి, చాయ్ ఇచ్చి పంపించగలను. మా అమ్మ అడిగిన మూడో ప్రశ్న ఒకటి ఉంది. అది మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు.

ముందు ఖర్చు సంగతి చెప్తాను. అమ్మ ప్రశ్నకు దారి అందులోంచే ఉంది.

మొదలుపెట్టిన రోజే, దీని మీద నెలకు వంద రూపాయలు దాటకూడదని గీత గీసుకున్నాను. డబ్బు లేక కాదు, నెల జీతం వచ్చే గుమాస్తా ఉద్యోగం ఉంది. ఆన్‌లైన్‌లో క్విల్లింగ్ కిట్లు దొరుకుతాయి. గాడి ఉన్న సూది, రంగు పట్టీలు, గుండ్రటి రంధ్రాల స్కేలు, చిన్న దువ్వెన, పట్టకారు, అన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ డబ్బాలో. బాగుంటాయి. కానీ డబ్బు పోసి డబ్బా తెప్పించుకున్న మనిషి ఆ డబ్బాకు జవాబుదారీ అవుతుంది. పెట్టిన డబ్బు ఊరుకోదు, వడ్డీ అడుగుతుంది. రెండు వారాలు ముట్టకపోతే అల్మారాలోంచి గుర్రుగా చూస్తుంది. అప్పుడు చేసేది సరదా కోసమా, పెట్టిన పైసలు రాబట్టుకోవడానికా అన్నది మనకే తెలియకుండా పోతుంది. యోగా చాపలు, గిటార్లు, వాకింగ్ బూట్లు కొన్న ఇళ్లన్నిటిలోనూ ఈ కథ ఉంటుంది.

అందుకని గాడి సూదికి బదులు గోనెసంచులు కుట్టే దబ్బనం తెచ్చాను. దాని కన్ను పైభాగాన్ని కటింగ్ ప్లేయర్‌తో తుంచేస్తే రెండు కొమ్ములు మిగులుతాయి. ఆ మధ్యలో కాగితం కొస ఇరుక్కుంటుంది. దబ్బనం మొన వైపును ఇంకు అయిపోయిన పెన్నులో దూరిస్తే అదే పిడి. అదీ లేకపోతే అగరుబత్తి కాలాక మిగిలిన పుల్ల కొసను బ్లేడుతో చీల్చుకున్నా చాలు. రంధ్రాల స్కేలు బదులు గాజులు. నా చిన్ననాటి గాజు నుంచి అమ్మ గాజు దాకా ఇంట్లో ఏడు కొలతలు దొరికాయి. చుట్టను గాజులో వదిలితే ఆ మేరకే విప్పుకుని ఆగుతుంది, అన్నీ ఒక్క సైజులో వస్తాయి. గుండుసూదులు గుచ్చుకునే పలకగా టీవీ డబ్బాలోంచి వచ్చిన థర్మకోల్. అతికించడానికి పది రూపాయల ఫెవికాల్ ట్యూబు, దాన్ని పూయడానికి పళ్లు కుట్టుకునే పుల్ల. అడుగున అట్టకు పెళ్లి పత్రికలు, వాటికి మన ఇళ్లలో కొరత ఎప్పుడూ లేదు.

ఇక కాగితం. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. నిలువునా 5 మిల్లీమీటర్ల చొప్పున కోస్తే ఒక్కో కాగితానికి అడుగుకు కొంచెం తక్కువ పొడవున్న 42 పట్టీలు వస్తాయి. 3 మిల్లీమీటర్లయితే 70. ఉక్కు స్కేలు, పదునైన బ్లేడు, కింద పాత క్యాలెండరు అట్ట ఉండాలి. చెయ్యి కదలకూడదు, ఊపిరి కూడా మెల్లగా తీసుకోవాలి. మామూలు జెరాక్సు కాగితం చదరపు మీటరుకు 75 గ్రాములో 80 గ్రాములో తూగుతుంది. దాంతో చేసిన చుట్ట వానాకాలంలో నడుము విరిగినట్టు వాలిపోతుంది. 120 గ్రాములదైతే స్ప్రింగులా నిలబడుతుంది. వారపత్రికల నున్నటి కాగితం మెరుస్తుంది కానీ జారుతుంది, ఫెవికాల్‌ని పట్టుకోదు. పట్టీ చివరను కత్తిరించకుండా చేత్తో చింపితే అతుకు కనపడదు. ఇలాంటివి ఎవరూ పాఠంలా చెప్పరు, వంద చుట్టలు పాడయ్యాక వేళ్లకే తెలుస్తాయి.

రెండో నెలలో కాగితం ఖర్చు కూడా తప్పింది. మా పేటలో పెళ్లి పత్రికలు అచ్చువేసే ప్రెస్సు ఉంది. కట్టల్ని మిషన్ కింద పెట్టి అంచులు సమం చేస్తారు. కోసిన అంచులు సన్నటి పట్టీలుగా కింద రాలి గోనెసంచిలోకి పోతాయి. అడిగితే ఇచ్చేశారు. అప్పటి నుంచి నా రంగులు ముహూర్తాల మీద ఆధారపడ్డాయి. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ఎరుపు, పసుపు, బంగారు జరీ కాగితం. శ్రావణంలో మళ్లీ కళ. ఆషాఢంలో, మూఢంలో తెల్ల కాగితమే, బిల్లు పుస్తకాల అంచులు. ఆషాఢంలో నేను మల్లెపూలు చేస్తాను.

తర్వాత చదివితే తెలిసింది, ఈ కళ పుట్టిందే ఇలా అని. ఐరోపాలో కొన్ని వందల ఏళ్ల కిందట క్రైస్తవ మఠాల్లోని సన్యాసినులు, బంగారు పూత పూసిన పుస్తకాల అంచులు కోసినప్పుడు మిగిలిన పట్టీలను పక్షి ఈకల కాడలకు చుట్టి దేవుడి పటాలను అలంకరించేవారట. ఈకను ఇంగ్లీషులో క్విల్ అంటారు, పేరు దాన్నుంచే వచ్చిందంటారు. వెండి, బంగారు తీగలతో చేసే నగిషీ కొనలేనివాళ్లు కాగితంతో ఆ మెరుపు తెచ్చుకున్నారన్నమాట. తీగ నగిషీ అంటే మనకు పక్కనే ఉన్న కరీంనగర్ వెండి పని లాంటిది. అంటే చవకగా నేర్చుకోవడం ఈ విద్యకు మనం పెట్టుకున్న షరతేం కాదు, దాని పుట్టుకలోనే ఉంది. తర్వాత అది కలిగినవాళ్ల చేతుల్లోకి పోయింది. పద్ధెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో పెద్దింటి ఆడవాళ్ల కాలక్షేపం అయ్యింది. మూడో జార్జి రాజు కూతురు ఎలిజబెత్ కూడా చేసేదట. జేన్ ఆస్టెన్ 1811లో అచ్చయిన 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో ఇది కనపడుతుంది. లూసీ అనే అమ్మాయి ఒక గారాబాల పిల్ల కోసం కాగితపు నగిషీ బుట్ట చేస్తుంటే, ఎలినార్ తను కాగితాలు చుట్టిపెడతానని పక్కన కూర్చుంటుంది. ఆమెకు కావలసింది బుట్ట కాదు, లూసీతో ఒంటరిగా మాట్లాడే వీలు. ఇంకో విషయం కూడా అందులో ఉంది. లూసీ చేస్తున్నది ఆ ఇంటి యజమానురాలిని మెప్పించడానికి. డబ్బులేని అమ్మాయి, పెద్దింట్లో అతిథి, చేతికింద పని. దాన్ని కాలక్షేపం అనాలో కూలి అనాలో ఆస్టెన్ మనకే వదిలేసింది.

ఇప్పుడు అమ్మ దగ్గరికి వస్తాను.

మా అమ్మ నలభై ఏళ్లు బీడీలు చేసింది. ఈ జిల్లాలో ఇదేం విశేషం కాదు. నిజామాబాదు చుట్టుపక్కల ఏ వాడకు పోయినా అరుగుల మీద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఒకప్పుడు పెళ్లిచూపుల్లో పిల్లకు బీడీలు వచ్చునా అని అడిగేవారు. రాత్రి తునికాకు తడిపి, తడిగుడ్డలో చుట్టిపెట్టాలి. పొద్దున రేకుముక్క కొలత పెట్టి కత్తెరతో ఆకు కోయాలి. అందులో తంబాకు పోసి, బొటనవేలు చూపుడువేలు మధ్య చుట్టి, కొసలు మూసి, దారం కట్టాలి. కట్టకు ఇరవై ఐదు. వెయ్యి బీడీలంటే నలభై కట్టలు. చెయ్యి బాగా నడిచిన రోజున అమ్మ వెయ్యి చేసేది. పది గంటలు కూర్చుంటే ఒక్కో బీడీకి 36 సెకన్లు, ఆకు కోసే సమయం కూడా అందులోదే. నా ఇంటరు, డిగ్రీ ఫీజులు ఆ నలభై కట్టల్లోంచే వచ్చాయి. ఇప్పుడు ఆమె చేయడం లేదు. నెలకు 2,016 రూపాయల బీడీ కార్మికుల పింఛను వస్తుంది, దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పట్టీలు చుడుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు చూసింది. ఆమె నా మొహం చూడలేదు, బొమ్మను చూడలేదు, నా వేళ్లనే చూసింది. తర్వాత అడిగింది.

"వెయ్యికి ఎంతిస్తరు బిడ్డా?"

"ఎవరూ ఏమియ్యరమ్మా. ఉత్తగనే."

"ఉత్తగనేనా?" అంది. కాసేపాగి మళ్లీ "ఉత్తగనే" అంది. రెండోసారి అది ప్రశ్న కాదు.

వీటిని ఏమంటారని అడిగితే చుట్టలని చెప్పాను. పడీపడీ నవ్వింది. "బీడీలు చేసి చేసి నేను ముసలిదాన్నైతి. గంత చదువుకొని నువ్వు చుట్టలు చేస్తున్నవా!"

ఆ నవ్వులో నేనూ కలిశాను. కానీ ప్రశ్న ఉండిపోయింది. ఒకటే బొటనవేలు, ఒకటే చూపుడువేలు, ఒకటే కదలిక. ఒక పలచటి వస్తువును సన్నగా కోసి గట్టిగా చుట్టడం. ఆమె చేస్తే అది కూలి, నేను చేస్తే అది హాబీ. తేడా ఎక్కడుంది? ఉన్న తేడా న్యాయమైనదేనా?

మొదట తోచే జవాబు ఉపయోగం. ఆమెది పనికొచ్చే పని, నాది పనికిరానిది. ఇది ఎక్కువసేపు నిలబడదు. అమ్మ చేసిన బీడీలు ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోయాయో మాకు తెలియదు, మంచి మాత్రం చేసి ఉండవు. ఆ తంబాకు ధూళి ఆమెకూ దగ్గునే ఇచ్చింది. నా కాగితపు మల్లెలు ఎవరికీ ఏ హానీ చేయలేదు. లోకం 'పని' అని గౌరవించేదానికీ మేలుకూ పెద్ద చుట్టరికమేం లేదు. పని అంటే ఎవరో డబ్బిచ్చి చేయించుకునేది, అంతే.

రెండో జవాబు సంతోషం. నాకు ఇష్టం కాబట్టి చేస్తున్నాను, ఆమె తప్పక చేసింది. ఇందులో కొంత నిజం ఉంది కానీ అనుకున్నంత లేదు. నిజం చెప్పాలంటే క్విల్లింగులో సగం విసుగే. నెమలి తోకకు తొంభై కన్నీటిబొట్లు చేయాలి, నలభైకల్లా వీపు పట్టేస్తుంది. అటు చూస్తే, అమ్మ ఆ అరుగు మీద ఎన్ని కథలు విన్నదో, ఎంత నవ్విందో, ఎవరింటి గొడవలు ఎట్లా తీర్చిందో నాకు తెలుసు. ఆమెకు తన చేతిమీద గర్వం ఉండేది. మా వాడలో వెయ్యి చేసేవాళ్లు నలుగురే అని ఇప్పటికీ చెప్తుంది. ఆ నైపుణ్యాన్ని వట్టి బానిసత్వం అనేస్తే ఆమె చేతిని అవమానించినట్టే. 1925లో టాగోర్ చరఖా మీద విమర్శ రాశాడు. ఒకే చిన్న కదలికను మళ్లీమళ్లీ చేయించడం మనిషి మనసును మొద్దుబారుస్తుందన్నది ఆయన భయం. టాగోర్ మా అరుగు మీద ఒక పూట కూర్చుని ఉంటే ఆ భయాన్ని కొంచెం సవరించుకునేవాడేమో అనిపిస్తుంది. మొద్దుబారేది కదలిక వల్ల కాదు. సాయంత్రం కార్ఖానాకు పోయి కట్టలు ముందుపెట్టి, అవతలి మనిషి ఎన్ని పక్కకు తీసేస్తాడో అని నిలబడేటప్పుడు లోపల ఏదో మొద్దుబారుతుంది. పక్కకు తీసినవాటికి పైసలు రావు, ఆకు తక్కువ పడితే సొంత డబ్బుతో కొనాలి. బీడీ కార్మికుల కోసం 1966లో చట్టం వచ్చింది కానీ, చెక్ చేసే మనిషి ఎదురుగా నిలబడ్డప్పుడు చట్టం ఆ గదిలో ఉండదు.

మూడో జవాబు దగ్గర నేను కొన్నాళ్లు ఆగిపోయాను. హాబీ అంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపగలిగేది. నెమలి తోక మధ్యలో లేచిపోవచ్చు, మూడు వారాలు ముట్టకపోవచ్చు. వంద పాడుచేయొచ్చు, ఎవరూ లెక్కపెట్టరు. అమ్మకు ఆపే హక్కు లేదు. జ్వరం వచ్చిన రోజు కూడా ఐదు వందలైనా చేసేది. ఉత్తగ చేసేదానికీ తప్పక చేసేదానికీ మధ్య గీత ఇక్కడే ఉందని, నా వంద రూపాయల నియమం కూడా ఆ గీతను కాపాడటానికే అని తీర్మానించుకున్నాను. తీర్మానం బాగుంది కానీ దాని కింద ఇంకొకరి భుజం ఉంది. మనం పనిచేసేది తీరిక కోసమే అన్నాడు అరిస్టాటిల్. ఆయనే ఇంకోచోట, మగ్గంలో నాడె తనంతట తాను నేస్తే యజమానులకు బానిసలతో పని ఉండదని కూడా అన్నాడు. నాడె తనంతట తాను నేసే రోజు ఆయన కాలంలో రాలేదు. కాబట్టి ఎవరో నేశారు, ఆయన ఆలోచించాడు. నేను ఆదివారం మధ్యాహ్నం ఆపగలగడం కూడా, ఒక మనిషి నలభై ఏళ్లు ఆపలేకపోవడం మీద నిలబడి ఉంది.

ఈ తీర్మానానికి ఇంకో లోటు ఉందని మా మామ వచ్చిన రోజు తెలిసింది. ఆయనది బోధన్ వైపు పల్లె. నిజామాబాదు నుంచి ఎడపల్లి మీదుగా బోధన్ పోయే దారి ఒకప్పుడు చెరుకు దారి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక నీళ్లొచ్చాయి, నీళ్ల వెనక చెరుకు వచ్చింది, చెరుకు వెనక నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ వచ్చింది. 1937లో మొదలైన ఆ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. ఆసియాలోనే పెద్దదని మా చిన్నప్పుడు చెప్పుకునేవారు. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఇదంతా తెలిసిన చరిత్రే, మళ్లీ తెరుస్తామన్న మాటలు కూడా అందులో భాగమే. మామ ఉద్యోగి కాదు. సీజనులో ట్రాక్టరు మీద చెరుకు తోలేవాడు. నవంబరు నుంచి మార్చి దాకా రాత్రీ పగలూ లేదు. రోడ్డు మీద బండ్ల వరస, పండిన చెరుకు వాసన, చలిమంటలు. ఇప్పుడు ఆ పొలాల్లో ఎక్కువగా వరి. కోతలకు మిషన్లు వస్తాయి, మామకు పది రోజుల పని ఉంటే ఇరవై రోజులు ఉండదు.

ఆయన నా బల్ల ముందు కూర్చుని ఒక పట్టీ తీసుకున్నాడు. దబ్బనానికి రెండు చుట్లు తిప్పి, వదిలేశాడు.

"నీకు తీరిక లేకున్నా చేస్తున్నవు," అన్నాడు. "నాకు దినమంత తీరికనే. చెయ్యి వస్తలేదు బిడ్డా."

నేర్చుకుంటే వస్తుందని చెప్పబోయి ఊరుకున్నాను. ఆయన మాట్లాడింది నేర్పు గురించి కాదు. బోధన్ బస్టాండు దగ్గర, టీ కొట్ల దగ్గర మధ్యాహ్నం పూట కూర్చుని ఉండే మగవాళ్లకు ఆపే హక్కు కావలసినంత ఉంది. లేనిది మొదలుపెట్టే చోటు. పని మధ్యలో చిక్కిన గంటను తీరిక అంటాం. పనే లేకపోతే ఆ గంటకు అంచులు ఉండవు, కాగితానికి అంచు లేకపోతే చుట్ట నిలబడదు. టాగోర్‌కు ఇచ్చిన జవాబులో గాంధీ ఈ తేడాను పట్టుకున్నాడు. పనిలేక ఆకలితో ఉన్నవాళ్లకు రాట్నం బతుకుదెరువు, మిగతావాళ్లు మాత్రం వాళ్ల వృత్తి మానకుండా రోజుకు అరగంట వడికితే చాలు అన్నాడు. ఒకే రాట్నం, రెండు లెక్కలు. నాకు చరఖా మీద పెద్ద భక్తి లేదు కానీ, ఈ రెండు లెక్కల్నీ ఒకే వస్తువు మీద కలిపి చూడగలిగినందుకు ఆయన్ని మెచ్చుకుంటాను.

తెలంగాణలో మేం 'ఉత్తగ' అనే మాటను ఎన్ని రకాలుగా వాడతామో అప్పుడు ఆలోచించాను. ఉత్తగనే వచ్చిన అంటే ఏ పనీ పెట్టుకోకుండా వచ్చానని. ఉత్తగ ఇచ్చిండు అంటే పైసలు తీసుకోకుండా ఇచ్చాడని. ఉత్తగ కూసున్నడు అంటే పనిలేక కూర్చున్నాడని. ఉత్త చేతులు అంటే ఖాళీ చేతులు. నేను అమ్మకు మొదటి అర్థంలో చెప్పాను. ఆమె రెండో అర్థంలో విన్నది, ఇంత చేతిపని కూలి లేకుండా చేస్తోందే నా బిడ్డ అని. మామకు మిగిలింది మూడోది, నాలుగోది. ఒకే ఇంట్లో, ఒకే బల్ల ముందు. అందరికీ నా అర్థమే దొరకాలని కోరుకోవచ్చు. పొద్దున వేటకు పోయి, మధ్యాహ్నం చేపలు పట్టి, రాత్రి భోజనమయ్యాక విమర్శలు రాసుకునే మనిషిని మార్క్స్ ఊహించాడు. ఆ మనిషికి నెల జీతం ఎవరిస్తారన్నది మా అమ్మ అడిగే ప్రశ్న, ఆమె అడిగితే తప్పకుండా ఆ మాటల్లోనే అడుగుతుంది.

ఈ మధ్య సంగతి ఇంకొంచెం చిక్కుపడింది. పెద్దబజారులో ఫ్యాన్సీ దుకాణం నడిపే ఒకావిడ నా చెవులకున్న జుంకాలు చూసి, దసరా లోపల వంద జతలు కావాలంది. మూడు నాలుగు పట్టీలు ఒకదానికొకటి అతికించి, బిగుతుగా చుట్టి, ఆ బిళ్లను గోలీ మీద పెట్టి నొక్కితే గోపురంలా లేస్తుంది. లోపల ఫెవికాల్, పైన రంగులేని గోళ్ల పాలిష్ పూస్తే ఇక కదలదు. పెద్ద కష్టమేం కాదు. నేను వద్దన్నాను. ఆపగలగడం పోతుందని, గడియారం వచ్చి బల్ల మీద కూర్చుంటుందని నా భయం. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను, నా ఆలోచన మెచ్చుకుంటుందని కాకపోయినా అర్థం చేసుకుంటుందని.

"పని ఇంటికొస్తే వద్దనేటోళ్లను నిన్నే చూసిన," అంది. "నీకు వద్దైతే నాకియ్యి. నేను చేస్త."

అరవై దాటింది, వేళ్లు నొస్తాయి, పింఛను వస్తోంది, నీకెందుకమ్మా అని నేను అనడం, ఆమె వినకపోవడం అన్నీ జరిగాయి. నేను కష్టం అనుకున్నది ఆమెకు విడుదల కాలేదు. చెయ్యి ఆగిపోయి ఆరేళ్లయ్యింది. ఆ ఆరేళ్లలో ఆమె ఎప్పుడూ తీరికగా ఉన్నట్టు నాకు కనిపించలేదు, ఉత్తగ ఉన్నట్టే కనిపించింది. ఇది గమనించడానికి నాకు వంద జతల జుంకాలు కావలసి వచ్చాయి.

దుకాణం ఆవిడ మా ఇంటికి వచ్చి జతకు పదిహేను అంది. అమ్మ మంచం మీంచి లేవకుండానే మాట్లాడింది. "కంపెనీ అయితె ఆకు వాళ్లదే, తంబాకు వాళ్లదే. ఈడ కాగితం నాది, గమ్ము నాది, తీగె నాది, కన్నులు నావి. ఇరవై ఐదు." ఇరవై రెండుకు తెగింది. నలభై ఏళ్లలో ఆమె రేటు చెప్పడం, అవతలి మనిషి ఆలోచించడం నేను చూసిన మొదటిసారి అది. ఆవిడ వెళ్లాక అమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏమంది అంటే, "ఇంకో రూపాయి నిలబడకపోతినా!" అంది.

దబ్బనం ఆమె తీసుకోలేదు. మొదటి చుట్టు వట్టి వేళ్లతోనే వేస్తుంది, నడుమ సూది బెజ్జం కూడా ఉండదు. నేను నిమిషం తీసుకునే బిళ్లను ఆమె పదిహేను సెకన్లలో తీస్తుంది. నేను గాజులతో తెచ్చుకున్న కొలత ఆమెకు వేళ్లలోనే ఉంది. ఇరవై ఐదు కాగానే, చెప్పకుండానే, దారం చుట్టి పక్కన పెడుతుంది. జుంకాలను దారంతో కట్టక్కర్లేదని రెండుసార్లు చెప్పి మానేశాను. బల్లకు ఇటు చివర నేను నా నెమలితో ఉన్నాను. అది ఈ మధ్య నడవడం లేదు. ఆమె వేగం చూస్తుంటే నాకూ తెలియకుండా గడియారం వైపు చూస్తున్నాను, ఆమె మాత్రం అస్సలు చూడదు. మామ రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఉత్తగనే కూర్చున్నాడు. రెండోసారి అమ్మ ఆయనకు గోలీలు ఇచ్చి, "బిళ్లలు నొక్కు, జతకు రెండు రూపాయలు నీకు," అంది. నొక్కాడు. పది జతలకు ఇరవై రూపాయలు ఇస్తే జేబులో పెట్టుకున్నాడు, నవ్వలేదు, వద్దనలేదు.

ఇప్పటికి అరవై మూడు జతలయ్యాయి. మొన్న ఆదివారం నేను కూడా ఓ పది జతలు చేసి ఆమె గిన్నెలో వేశాను. పొద్దున లేచి చూస్తే వాటిలో నాలుగు జతలు విడిగా, కిటికీ గట్టు మీద ఉన్నాయి. అంచు సమంగా లేదట, ఒకటి పొట్టి ఒకటి పొడుగట.

"ఇవి పోవు," అంది. "నువ్వు పెట్టుకో."

ఎరుపూ బంగారూ కలిసిన జత ఒకటి పెట్టుకుని ఆఫీసుకు పోయాను.